తాతల పనిముట్లను తూకానికి వేసేముందు

సంపాదకులు గారికి నమస్కారం.

పల్లెల్లో పాత మిద్దెలు పడగొట్టేటప్పుడు అటక మీది సామానంతా గోనెసంచుల్లో బయటికొస్తోంది. తాతల నాటి ఇనుప పనిముట్లు దేనికో తెలియక, పాత ఇనుము వాళ్లకు కిలోల లెక్కన వేసేస్తున్నారు. పేరు తెలియకపోయినా, ఎక్కడ అరిగిందో చూస్తే ఏ పనిదో చాలావరకు తేలిపోతుంది.

పదును అంచు పిడి వాలునే ఉంటే గొడ్డలి, పిడికి అడ్డంగా ఉంటే చెక్క చెక్కే బాడిశ. చిన్న బాడిశను పార అనుకుంటారు గాని, పార రేకు అంతటా పలచనే. బాడిశ పిడి దూర్చే చోట లావుగా ఉండి కొసకు పలచబడుతుంది. ఉలి అయితే నెత్తి చూడండి. మొత్తం ఒంటి ఇనుమై, నెత్తి సమ్మెట దెబ్బలకు సాగి అంచులు వాలిపోయి ఉంటే రాతి పనిది. తిరగళ్లకు, రోళ్లకు కక్కు కొట్టేది, అంటే అరిగిన రాయిని గరుకు చేసేది, అలాంటిదే. కొయ్య పిడి దిగేందుకు తోక గాని గొట్టం గాని ఉంటే వడ్రంగిది.

ఒంగోలు ఎడ్లను సాకిన ఇళ్లలో మామిడి పిందె ఆకారపు ఇనుప బిళ్లలు దొరుకుతాయి. బయటి అంచు వెంట వరుసగా చిల్లులుంటాయి. అవి ఎద్దు లాడాలు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కనుక కాలికి రెండు, ఎద్దుకు 8, జతకు 16. గుర్రపు లాడం ఒకే వంపు ముక్క కాబట్టి పొరబడే పనిలేదు.

ఎక్కువగా పాడవుతున్నది జడ్డిగం. చెక్క గిన్నె, అడుగున చిల్లులు. పనికిరాని గిన్నె అని పొయ్యిలో పెట్టేస్తున్నారు. గొర్రుతో, అంటే వరుసగా పళ్లుండే విత్తే పనిముట్టుతో, విత్తేటప్పుడు గింజలు వేసే గిన్నె అది. ఒక్కో చిల్లుకు ఒక్కో వెదురు గొట్టం, ఆ గొట్టం గొర్రు పంటి దాకా దిగి సాలులో గింజ వదులుతుంది. చిల్లులెన్నో గొర్రు పళ్లన్ని. ఒక్క గొట్టం పూడినా ఆ సాలంతా మొలక ఉండదు, అందుకే విత్తేవాళ్లు చెయ్యి తీయకుండా గుప్పిట్లోంచి గింజ సమంగా జారవిడిచేవారు. దయచేసి దాన్ని కాల్చకండి. గొట్టాలు దొరికితే వాటినీ దానితోనే ఉంచండి.

తుప్పు విషయంలో తొందర పనికిరాదు. గ్రైండరు పెడితే పనిముట్టు మీది ముద్ర పోతుంది, అంచు వేడెక్కి నీలి రంగు తిరిగిందంటే ఆ మేర పదును నిలవదు. పిడి కాల్చి ఊడదీసినా ఇదే నష్టం. బాత్‌రూము యాసిడ్ ఇనుమును గుంటలు పడేలా తినేస్తుంది. కిరసనాయిలు పూసి ఒక రాత్రి ఉంచి, మర్నాడు ఇత్తడి బ్రష్షుతో రుద్దితే చాలు. పిడి వదులైతే నీళ్లలో నానబెట్టొద్దు. ఉబ్బి బిగిసినట్టే ఉండి, ఆరాక మళ్లీ వదులవుతుంది. పిడి కొసలో చెక్క చీలిక దిగగొట్టుకోవాలి.

పదును నిలిచే ఉక్కు ఎంతవరకు ఉందో తెలియాలంటే, అంచు దగ్గర అర అంగుళం మేర సన్న ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్ది, నిమ్మరసం పూసి పది నిమిషాలాగి చూడండి. ఉక్కు నల్లబడుతుంది, మెత్తటి ఇనుము తెల్లగానే ఉంటుంది. నడుమ గీత కనబడితే కమ్మరి ఇనుముకు ఉక్కు అతికాడన్నమాట. ఆ నలుపున్నంత వరకే సాన పట్టాలి, అది అరిగిపోతే ఎంత నూరినా పదును ఆగదు. పరీక్ష అయ్యాక కడిగి, ఆరబెట్టి నూనె రాయండి.

ఉలి మీద ‘కాస్ట్ స్టీల్’, ‘షెఫీల్డ్’ అని ముద్ర ఉంటే పోత ఇనుమని పారేయకండి. అది మట్టి మూసలో కరిగించిన మేలైన ఉక్కు. 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మొదలుపెట్టిన పద్ధతి.

మీ జిల్లా పేజీలో వారానికొక పనిముట్టు ఫొటో వేసి పాఠకులను అడగమని మా విన్నపం. పంపేవాళ్లు పక్కన స్కేలు పెట్టి ఎదురుగా, పక్క నుంచి, పిడి బెజ్జం కనబడేలా మూడు ఫొటోలు తీయాలి. బరువు, ఏ ఊరు, ఆ ఇంట్లో ఏ పని చేసేవారో రాయాలి. ఉదయగిరి చెక్క గరిటెల పనివాళ్లు, సైదాపురం అభ్రకం గనుల్లో చేసిన పెద్దలు, ఇంకా కొలిమి నడుపుతున్న కమ్మరులు చూస్తే చెప్పగలరు.

– పాత పనిముట్లు సేకరించే మిత్రులం, కావలి, నెల్లూరు జిల్లా