వార్షిక నివేదిక 2024: వెలుగు మారే నక్షత్రాల పరిశీలన

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘానికి వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న: "ఉత్తర కిరీటంలో నక్షత్రం పేలిందా?" పేలలేదు. ఉత్తర కిరీటం అనే నక్షత్ర మండలంలోని ఆ నక్షత్రం, టి కరోనే బొరియాలిస్, 1866లోనూ, 1946లోనూ పేలింది కాబట్టి ఇప్పుడు మళ్లీ వంతు వచ్చిందని పేపర్లు ఊదరగొట్టాయి. పదో మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె తగ్గితే వెలుగు ఎక్కువ) దగ్గరుండేది రెండుకు చేరి మామూలు కంటికే కనిపిస్తుందని ఆశపడి కొత్తవాళ్లు చాలామంది చేరారు. మబ్బుల్లో సందు దొరికినప్పుడల్లా చూశాం. దసరా వెళ్లాక అది పొద్దుగూకగానే పడమట దిగిపోవడం మొదలైంది, హాజరూ తగ్గింది.

అసలు పని జరిగింది ఎస్‌ఎస్ సిగ్ని మీద. 1896లో హార్వర్డ్ ఫొటో ప్లేట్ల మీద లూయీసా వెల్స్ కనిపెట్టిన నక్షత్రాల జంట ఇది. ఎర్ర మరుగుజ్జు నక్షత్రం నుంచి వాయువు జారి, పక్కనున్న తెల్ల మరుగుజ్జు (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) చుట్టూ చక్రంలా పోగవుతుంది. ఒక హద్దు దాటాక చక్రంలోని హైడ్రోజన్ వేడికి అయనీకరణం చెంది (అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి), ఆగి ఉన్న సరుకంతా ఒక్కసారి లోపలికి జారుతుంది. పేలేది నక్షత్రం కాదు, ఒక్కసారిగా వెలిగేది చక్రం. సగటున ఏడు వారాలకోసారి 12వ మాగ్నిట్యూడ్ నుంచి 8కి, అంటే దాదాపు 40 రెట్ల వెలుగుకు చేరుతుంది. టి కరోనే కథ వేరు. అక్కడ తెల్ల మరుగుజ్జు ఒంటి మీద చేరిన హైడ్రోజనే అంటుకుంటుంది.

చలికాలం మొదట్లో మన ఎనిమిదంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపులో ఎస్‌ఎస్ సిగ్ని విజృంభణ ఒకటి చిక్కింది. ముందు చూసినప్పుడు వెతుక్కోవాల్సి వచ్చిన చుక్క, మధ్యలో ఒక రాత్రి మబ్బుకు పోగా, ఆ మర్నాడు ఐపీస్‌లో కన్ను పెట్టగానే ఎదురైంది. ఇంటర్ సెకండియర్ చదివే అమ్మాయి ఎర్ర టార్చి పట్టుకుని చార్టు చదివింది. చార్టులో చుక్క పక్కన 85 అంటే 8.5 మాగ్నిట్యూడ్. దశాంశ బిందువు పెడితే అదీ ఒక నక్షత్రమే అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి పెట్టరు. పక్కనున్న రెండు చుక్కల మధ్య వెలుగులో ఇది ఎక్కడ పడుతుందో ముగ్గురం విడివిడిగా రాశాం, ఒకరిది ఒకరు చూడకుండా. తేడా 0.2 దాటలేదు.

మిథునంలో ఉన్న, ఎస్‌ఎస్ సిగ్ని లాంటిదే అయిన యు జెమినోరం విషయంలో కొందరికి విసుగొచ్చింది, నిజమే. మామూలుగా అది 14 దగ్గర ఉంటుంది, ఊరి లైట్ల వెలుగులో మనకు అందదు. అయినా "13 కన్నా మసక" అని రాసి పంపాలి. రేపు విజృంభిస్తే, ఫలానా రాత్రికి ఇంకా మొదలవలేదని చెప్పేది ఆ వరుసే. జెస్సోర్ (ఇప్పటి బంగ్లాదేశ్) ట్రెజరీ ఉద్యోగి రాధాగోబింద చంద్ర పంపిన 37 వేల పైచిలుకు పరిశీలనలు ఇలా పోగైనవే. వెలుగు మారే నక్షత్రాల అమెరికా పరిశీలకుల సంఘం ఆయనకు పంపిన టెలిస్కోపు, తర్వాత మన హైదరాబాద్‌లో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు చేతికి వచ్చింది.

టైములు పంపేటప్పుడు ఐదున్నర గంటలు తీసేసి ప్రపంచ సమయంలో రాయండి, ఇది మళ్లీ మళ్లీ చెబుతున్నాం. జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం. చందా బకాయిలు ఉన్నవారు సర్వసభ్య సమావేశం లోపు కట్టగలరు. జనవరి అమావాస్య నుంచి వేసవి దాకా యు జెమినోరం డ్యూటీ పట్టికలో పేర్లు ఇచ్చేవారు కార్యదర్శికి చెప్పండి.