ఎవరి మీద చేసిన యుద్ధమో కూడా రాయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. యుద్ధాల్లో పనిచేసి తర్వాత దేశాలను ఏలిన నాయకుల గురించి ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. బ్రిటన్ ప్రధానులైన చర్చిల్, వెల్లింగ్టన్, దక్షిణాఫ్రికా ప్రధాని అయిన స్మట్స్ వంటివారి సాహసాలు, పతకాలు, జైలు గోడ దూకి పారిపోయిన ఉదంతాలు అన్నీ బాగానే రాశారు. ఆ యుద్ధాలు ఎవరి గడ్డ మీద జరిగాయో, అక్కడి జనం ఏమయ్యారో మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. ఏళ్ల తరబడి హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ని. చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

చర్చిల్ సంగతే తీసుకోండి. 1897లో ఆయన మలాకండ్ వైపు, అంటే ఇప్పటి పాకిస్తాన్ వాయవ్య కొండల్లో, కుర్ర అధికారిగా ఉన్నాడు. అక్కడి పఠాన్లకు బుద్ధి చెప్పాలని సైన్యం ఒక్కో ఊరి మీదా పడింది. ఇళ్లు కూల్చారు, బావులు పూడ్చారు, నీడనిచ్చే చెట్లు నరికారు, పంటలు తగలబెట్టారు, నీటి తొట్లు పగలగొట్టారు. ఇదంతా గిట్టనివాళ్లు చెప్పిన మాట కాదు, ఆయన స్వయంగా రాసుకున్నదే. కరువు చూసిన మన ఉత్తరాంధ్ర రైతుకు ఊరి బావి పూడ్చడమంటే ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మరుసటి ఏడాది సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్. మాక్సిం అనే మెషిన్ గన్ల ముందు ఒక్క పూటలో సుమారు 10 వేల మంది సూడానీయులు నేలకూలారు. బ్రిటిష్ వైపు చనిపోయినవాళ్లు 50 మంది లోపే. దీన్ని గుర్రం మీద కత్తి దూసిన వీరగాథగా మాత్రమే మన పిల్లలకు చెబితే ఎలా?

ఆ వీరగాథకు ఓట్లు కూడా పడ్డాయి. 1899లో ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హాం ఉప ఎన్నికలో చర్చిల్ ఓడిపోయాడు. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో డచ్ సంతతి తెల్లవాళ్లైన బోయర్లతో బ్రిటిష్ వాళ్లు చేసిన బోయర్ యుద్ధానికి విలేకరిగా వెళ్లి, పట్టుబడి, ప్రిటోరియా చెర నుంచి తప్పించుకొని పేరు తెచ్చుకున్నాడు. 1900లో అదే ఓల్డ్‌హాం ఆయన్ని పార్లమెంటుకు పంపింది. యుద్ధం నడుస్తుండగా జరిగిన ఆ ఎన్నికలను సైనికుల దుస్తుల పేరుతో ఖాకీ ఎన్నికలనే అంటారు. బావులు పోయిన ఊళ్లకు ఆ ఎన్నికల్లో ఓటు లేదు. వెల్లింగ్టన్ దారీ అంతే. 1799లో టిప్పు సుల్తాన్ మీద శ్రీరంగపట్నం యుద్ధం, 1803లో మరాఠాల మీద అస్సాయే యుద్ధం, 1828లో బ్రిటన్ ప్రధాని పదవి.

సామ్రాజ్యానికి ఎదురు నిలిచినవాళ్లంతా మంచివాళ్లేనని అనుకోవడానికీ లేదు. బోథా, స్మట్స్ బోయర్ సేనానులుగా బ్రిటిష్ వాళ్లతో పోరాడారు. బ్రిటిష్ వాళ్లు పెట్టిన నిర్బంధ శిబిరాల్లో బోయర్ స్త్రీలు, పిల్లలు వేల సంఖ్యలో చచ్చిపోయారు. నల్లవాళ్ల శిబిరాల్లోనూ వేల మంది పోయారు. ఆ బాధ తెలిసిన మనుషులే 1910లో దక్షిణాఫ్రికా పగ్గాలు పట్టారు, 1913లో భూమి చట్టం తెచ్చి దేశంలో అత్యధికులైన ఆఫ్రికన్లకు దాదాపు 7 శాతం భూమి మిగిల్చారు.

ఇక్కడే మన జిల్లాల ప్రస్తావన వస్తుంది. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు కూలి ఒప్పందం మీద ఓడలెక్కినవాళ్లలో నాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. నేటి విజయనగరం, శ్రీకాకుళం ఆ రెండింటిలోవే. ఒప్పందం ముగిశాక కూడా అక్కడే ఉండాలంటే మనిషికి ఏటా 3 పౌండ్ల పన్ను. దాని మీద 1913లో సమ్మె చేస్తే జైళ్లు, కొరడాలు. అప్పుడు ఆ ప్రభుత్వంలో ప్రధాని బోథా, మంత్రి స్మట్స్. స్మట్స్‌ను గొప్ప సేనాని అని రాసేటప్పుడు, పన్ను కట్టలేక జైలుకెళ్లిన మనవాళ్లు గుర్తుకు రావద్దా? 1914లో ఆ పన్ను రద్దయింది.

ఈ విషయంలో నాకు గాంధీజీ అంటే ప్రత్యేకమైన గౌరవం. ఆయనా బ్రిటిష్ సైన్యం పక్కన నిలబడినవారే. బోయర్ యుద్ధంలో సుమారు 1,100 మంది భారతీయులతో అంబులెన్స్ దళం నడిపారు. 1906లో నేటాల్‌లో జూలూ తెగవాళ్ల తిరుగుబాటప్పుడు స్ట్రెచర్లు మోశారు. కొరడా దెబ్బలు తిని, తెల్లవాళ్లు ముట్టుకోని జూలూలకు కట్లు కట్టారు. అది యుద్ధం కాదు, మనుషుల వేట అని తర్వాత నిజాయితీగా రాశారు. ఆ సేవలకు వచ్చిన పతకాలను 1920లో ప్రభుత్వానికి వెనక్కిచ్చేశారు. నాయకుడి యుద్ధ చరిత్ర రాయాలంటే ఇంత పూర్తిగా రాయాలి.

సైనికుల్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కానే కాదు. టెక్కలి వైపు తెల్లవారుజామున బస్సులో వెళ్తే రోడ్డు పక్కన ఆర్మీ సెలక్షన్ల కోసం పరుగులు తీసే కుర్రాళ్లు కనిపిస్తారు. నా దగ్గర చదువుకున్నవాళ్లూ సరిహద్దుల్లో ఉన్నారు. హుకుం వస్తే వెళ్లే సిపాయి వేరు. ఆ సిపాయి రక్తాన్ని తన పేరుకూ పదవికీ వాడుకునే నాయకుడు వేరు.

అసలు మనకు ఎక్కడో ఆఫ్రికా దాకా వెళ్లనక్కర్లేదు. 1758లో ఫ్రెంచివాళ్లను తరమడానికి విజయనగరం రాజు ఆనందగజపతిరాజు ఇంగ్లీషువాళ్లను పిలిస్తే, బెంగాల్ నుంచి క్లైవ్ కర్నల్ ఫోర్డును పంపాడు. చందుర్తిలో గెలిచారు. క్లైవ్ ఇండియాలో సంపాదించిన డబ్బుతో, పేరుతో ఇంగ్లండ్ వెళ్లి 1761లో పార్లమెంటులో కూర్చున్నాడు. విజయనగరానికి దక్కింది పెష్కషు, అంటే కంపెనీకి కట్టే కప్పం, బకాయిల వేధింపు. జమీ వదిలి మద్రాసు పొమ్మన్న కంపెనీ ఆజ్ఞను కాదని తర్వాతి విజయనగరం రాజు చిన విజయరామరాజు మన పక్కనే ఉన్న పద్మనాభం దగ్గర నిలబడ్డాడు. 1794 జూలై 10న అదే కంపెనీ సైన్యం చేతిలో తన వాళ్లతో పాటు ప్రాణాలు విడిచాడు. బొబ్బిలి కథ బుర్రకథల పుణ్యమా అని ఇంటింటికీ తెలుసు. పద్మనాభం గురించి మా తరగతిలో అడిగితే కొండ మీది గుడి, మెట్లు తప్ప ఇంకేమీ చెప్పినవాళ్లు తక్కువ.

మీ పత్రిక మా జిల్లాల్లో టీకొట్టు దగ్గర కూడా చదువుతారు. అందుకే రెండు కోరికలు. ఈ ఏడాది జూలై 10కి పద్మనాభం యుద్ధం మీద జిల్లా పేజీలో వివరంగా వేయండి. నేటాల్ వెళ్లిన కూలీల ఓడ జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసి ఉంటాయి. వాటిలో మన రెండు జిల్లాల ఊళ్ల పేర్లను వరుసగా ప్రచురించండి. తమ ఇంటి నుంచి అలా వెళ్లినవాళ్ల ఆనవాళ్లు ఉన్నవాళ్లు మీకు ఉత్తరాలు రాస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ టీచర్,
విజయనగరం