నా ఖాతా పుస్తకంలో పప్పు కనిపించడం లేదు

సంపాదకులకు నమస్కారం.

నాది నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్టలో ఒక పల్లె. ఇరవై ఏళ్లు దాటింది చిల్లర కొట్టు పెట్టి. ఆకలి గురించి పేపర్లో ఎప్పుడు చదివినా బియ్యం లెక్కలే ఉంటాయి. ఎన్ని టన్నులు కొన్నారు, ఎన్ని పంచారు, ఎన్ని పక్కదారి పట్టాయి. మా ఊళ్లో బియ్యం లేక పస్తున్న ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు. అలాగని ఆకలి లేదని కాదు. అన్నంలోకి ఏం కలుపుకుంటున్నారో కొట్టు బల్ల దగ్గర కూర్చున్న నాకు తెలుస్తుంది.

రోజూ పొద్దున్నే ఒక అవ్వ వస్తుంది. కొడుకూ కోడలూ హైదరాబాదులో బేల్దారి పనికి పోయారు. చెంగు ముడి విప్పి పది రూపాయలు బల్ల మీద పెడుతుంది. ఐదు రూపాయల చింతపండు, కాసిని ఎండుమిరపకాయలు, ఒక ఎర్రగడ్డ. ‘పప్పేమన్నా కట్టమంటావా అవ్వా?’ అంటే, ‘నా ఒక్కదానికి పప్పెందుకు అబ్బయ్యా, చారుతో గడిచిపోద్దిలే’ అంటుంది. మధ్యాహ్నం అదే చారు, రాత్రికీ అదే. ప్రభుత్వ లెక్కలో ఆమెకు ఏ లోటూ లేదు. కార్డుంది, నెలకు 5 కిలోల బియ్యం వస్తున్నాయి, 4,000 పింఛను వస్తోంది. ఆ పింఛనులో షుగరు మాత్రలకెంత, పాత అప్పు వడ్డీకెంత పోతుందో ఏ లెక్కలోనూ ఉండదు.

నా పాత ఖాతా పుస్తకాలు తిరగేస్తే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. ఒకప్పుడు కందిపప్పు కిలో అని రాసేవాణ్ని. తర్వాత అరకిలో, పావుకిలో అయింది. కిలో 180 దాకా ఎక్కిన రోజుల్లో వంద గ్రాముల పొట్లాలు కట్టడం మొదలుపెట్టాను. ధర దిగింది గానీ పొట్లం సైజు మళ్లీ పెరగలేదు. ఉపాధి పని డబ్బులు ఆలస్యమైన వారం ఆ పొట్లం కూడా ఎవరూ అడగరు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదాన్ని బట్టి పప్పు, గుడ్డు, మాంసం లాంటివన్నీ కలిపి మనిషికి రోజుకు 85 గ్రాములు కావాలి. నలుగురున్న ఇంటికి నెలకు పది కిలోలన్న మాట. ఆదివారం కోడి, సంతలో కొన్న ఎండు మెత్తళ్లు కలుపుకున్నా మా పల్లెలో సగం ఇళ్లు అందులో పావు వంతుకు కూడా రావు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తం తక్కువని, ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. నాకైతే ఆశ్చర్యం వేయలేదు.

మా నాయన కాలంలో చేలో జొన్న వేస్తే మధ్యన కంది సాళ్లు ఉండేవి. కొర్ర, వరిగ, సజ్జ, అలసందలు, ఉలవలు ఇంట్లోకే వచ్చేవి. కరువొస్తే పస్తులూ ఉండేవి, ఆ రోజులే బాగున్నాయని నేననను. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక ఆ పస్తులు పోయాయి, ఆ మేలు మరిచిపోకూడదు. కాకపోతే సంగటి తినడం నామోషీ అయింది. తర్వాత వానల్లేక, బోర్లు ఎండి, చేలు జామాయిల్ తోటలయ్యాయి. జామాయిల్ నాలుగేళ్లకోసారి కొడతారు. మధ్యలో కూలికి పనేముంటుంది? పని లేకపోతే ఇంట్లో మొదట తగ్గేది పప్పూ పాలే.

ఇదే జిల్లాలో పెన్నా కింద ఎడగారు పంట, అంటే ఏడాదిలో రెండో వరి పంట కూడా పండుతుంది. అక్కడి రైతు పుట్టికి, అంటే 850 కిలోల ధాన్యానికి, ధర రాలేదని రోడ్డెక్కుతాడు. ఇక్కడ మనిషి రేషన్ బియ్యం బండివాడికి అమ్మి, ఆ డబ్బుతో నా దగ్గర నూనె కొంటాడు. కొందరు ఆ డబ్బు బ్రాందీ షాపులో ఇస్తారు, కాదనను. కానీ ఎక్కువమంది కొనేది నూనే. వాళ్ల మీద కేసులు పెట్టేముందు వాళ్లింట్లో ఏం కొరతో అడగండి.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. కార్డు మీద కిలో 67 రూపాయలకు కందిపప్పు ఇచ్చిన రోజులున్నాయి. ఒక నెల వచ్చేది, రెండు నెలలు వచ్చేది కాదు. దాన్ని తప్పకుండా ప్రతి నెలా ఇవ్వాలి, ఒంటరి ముసలివాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. 2013 ఆహార భద్రత చట్టంలోనే బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలు కూడా రాసి ఉన్నాయి. మెట్టకు బియ్యంలో కొంత తగ్గించి జొన్నలో సజ్జలో ఇవ్వండి. అవి మెట్ట రైతు దగ్గరే కొంటే జామాయిల్ పీకేవాళ్లు కొందరైనా ఉంటారు.

రెండోది ఎండాకాలం సంగతి. బడి ఉన్నన్నాళ్లు పిల్లలకు మధ్యాహ్నం గుడ్డు, చిక్కీ, రాగిజావ దొరుకుతాయి. ఏప్రిల్ ఆఖరున బడి మూస్తే జూన్ దాకా అవేవీ ఉండవు. మే నెలలో నా కొట్లో ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్లు ఎక్కువ పోతాయి. పిల్లలు మధ్యాహ్నం వాటినే నీళ్లలో ముంచుకు తింటారు. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. మా మండలాలను కరువు మండలాలుగా ప్రకటించిన ఏళ్లలో కూడా సెలవుల్లో మా బడి పొయ్యి వెలగడం నేను చూడలేదు. వంట చేసే ఆడవాళ్లు ఊళ్లోనే ఉన్నారు, సెలవుల్లో వాళ్లకూ డబ్బులు రావు. పట్టణంలో ఐదు రూపాయల భోజనం పెడుతున్నారు, మంచిదే. మా పిల్లలు దానికోసం బస్సెక్కి పోలేరు కదా.

ఈ ఉత్తరం చదివి మా ఆవిడ, ‘రేషన్‌లో పప్పిస్తే మన బేరం పోదా?’ అంది. పుస్తకం తీసి చూపించాను. ఖాతా ఉన్న అరవై ఇళ్లకు కలిపి పోయిన నెల నేనమ్మిన కందిపప్పు పద్నాలుగు కిలోలు.

– ఒక చిల్లర కొట్టు యజమాని, ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా