వీడ్కోలు టూర్లలో తేదీలు ఎందుకు పెరుగుతాయి?

సంపాదకులకు నమస్కారం.

పాప్ బృందాల వీడ్కోలు టూర్ల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాం. చివరిసారి అని చెప్పి టికెట్లు అమ్మడం, అవి అయిపోగానే ఇంకో తేదీ ప్రకటించడం, కొన్నేళ్ళు పోయాక మళ్ళీ వేదికెక్కడం, ఈ మూడూ ఒకే మోసమని వ్యాసకర్త తేల్చేశారు. మేం స్టేజి, సౌండు, టూర్ ఏర్పాట్ల పనిలో ఉన్నవాళ్ళం. మూడో ఆరోపణను కాదనలేం. మొదటి రెండిటి వెనక ఉన్న లెక్క వేరు. అది తెలిస్తే టికెట్ కొనేవాళ్ళు అనవసరంగా చేతులు కాల్చుకోరు.

ముందు ఆ మూడోదే చూద్దాం. నార్వే బృందం ఆహా 2010 డిసెంబరు 4న ఓస్లోలో ఆఖరి కచేరీ చేసి, 2015లో తిరిగొచ్చింది. ఐర్లండ్ బృందం వెస్ట్‌లైఫ్ 2012 జూన్ 22, 23 తేదీల్లో డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో సెలవు తీసుకుని, 2019లో అదే స్టేడియంలో మళ్ళీ పాడింది. అమెరికాకు చెందిన మోట్లీ క్రూ పాప్ కాదు, రాక్ బృందమే అయినా ఇక్కడ చెప్పుకోవాలి. ఇక టూర్లు చేయబోమని 2014లో విలేకరుల ముందే ఒప్పందం మీద సంతకాలు పెట్టి, 2015 డిసెంబరు 31న ముగించి, 2019లో ఆ ఒప్పందాన్ని పేల్చేస్తున్న వీడియోతో తిరిగి ప్రత్యక్షమైంది. వీళ్ళందరికన్నా అమెరికన్ రాక్ బృందం ఈగల్స్ నయం. తమ టూరుకు ‘ఫేర్‌వెల్ 1’ అని పేరు పెట్టి, రెండోది కూడా ఉండొచ్చని ముందే నవ్వుతూ చెప్పేశారు.

చెప్పకుండా వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కో కాండిల్‌స్టిక్ పార్కులో బీటిల్స్ పాడినప్పుడు, టికెట్ కొని చేసే కచేరీల్లో అదే చివరిదని జనానికి తెలియదు. బ్రిటన్ పాప్ బృందం గర్ల్స్ ఎలౌడ్ 2013 మార్చి 20న లివర్‌పూల్‌లో టూరు ముగించాకే విడిపోతున్నామని ప్రకటించింది. వీటికి వీడ్కోలు పేరుతో అదనపు తేదీలు లేవు, తొక్కిసలాట లేదు. ముందే చెప్పి ఊరూరా తిరిగే టూరుకే ఈ హంగామా అంతా.

తేదీల సంగతి ఇదీ. ప్రకటనకు చాలా ముందే నిర్వాహకులు హాళ్ళలో తేదీలు అట్టిపెట్టించుకుంటారు. మావాళ్ళు దీన్ని ‘హోల్డ్’ అంటారు. అది ఖాయమైన బుకింగ్ కాదు, వరుసలో ముందు నిలబడే హక్కు మాత్రమే. ఒకే తేదీకి మొదటి హోల్డ్ ఒకరిది, రెండో హోల్డ్ ఇంకొకరిది ఉంటుంది. రెండోవాళ్ళు ‘మేం ఖాయం చేసుకుంటాం’ అని ముందుకొస్తే మొదటివాళ్ళు తక్కువ గడువులో ఒప్పందం చేసుకోవాలి, లేదా తేదీ వదులుకోవాలి. ఇలాంటి హోల్డులతో శుక్ర, శనివారాలు రెండూ చేతిలో ఉంచుకుని శనివారం ఒక్కటే ప్రకటిస్తారు. ముందస్తు అమ్మకంలో జనం ఎంతమంది వచ్చారో చూసి శుక్రవారాన్ని బయటపెడతారు. రెండు రాత్రులూ ఒకేసారి ప్రకటించి సగం సీట్లు మిగిలిపోతే, అమ్ముడుపోలేదన్న మాట మిగతా ఊళ్ళకూ పాకుతుంది. ఆ భయమే దీనికి అసలు కారణం. ‘ప్రజాదరణ దృష్ట్యా’ అని పోస్టరు మీద వేసుకోవడం మాకూ నచ్చదు గానీ, ఆ తేదీ ఆకాశం నుంచి ఊడిపడదు.

అదే హాల్లో రెండో రాత్రి నిర్వాహకుడికి బాగా కలిసొస్తుంది. ఇండోర్ హాలైతే పొద్దున ఆరేడు గంటలకు ట్రక్కుల నుంచి సామాను దించడం మొదలవుతుంది. కప్పు నుంచి గొలుసు మోటార్లు దించి, స్పీకర్లు, లైట్లు, తెరలు పైకెత్తి, సాయంత్రానికి సౌండ్ చెక్ చేయాలి. కచేరీ అయ్యాక విప్పి ఎక్కించడానికి మళ్ళీ కొన్ని గంటలు. రెండో రాత్రికి ఈ ఖర్చేదీ ఉండదు. స్టేడియంలో ఉక్కు స్టేజి కట్టడానికే రోజులు పడుతుంది కాబట్టి పెద్ద టూర్లు ఒకేలాంటి ఉక్కు సెట్లు రెండో మూడో తిప్పుతాయి. ఒక ఊళ్ళో పాట నడుస్తుంటే తర్వాతి ఊళ్ళో మరో సెట్టు లేస్తుంటుంది. ఐర్లండ్ రాక్ బృందం యూటూ 2009–11 టూరులో నాలుగు కాళ్ళ భారీ కట్టడాన్ని మూడు సెట్లతో ఇలాగే నడిపింది.

ఊళ్ళ వరుసను తేల్చేదీ ట్రక్కులే. యూరప్‌లో డ్రైవరు రోజుకు 9 గంటలు, వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటలు నడపొచ్చు. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి. ఒక రాత్రిలో చేరుకోలేని ఊరికి వెళ్ళాలంటే మధ్యలో ఒక రోజు ఖాళీగా పోతుంది, జీతాలు మాత్రం నడుస్తాయి. మా ఊరిని మరిచిపోయారని అభిమానులు నొచ్చుకుంటారు. సాధారణంగా అడ్డుపడేది దూరమే.

ఇక టికెట్లు. అమ్మకం మొదలైన రోజున హాల్లోని సీట్లన్నీ అమ్మకానికి ఉండవు. స్టేజి ఎక్కడిదాకా వస్తుందో, మిక్సర్లకు, అంటే హాల్లో సౌండును సరిచేసే బల్లలకు, ఎంత చోటు కావాలో, ఏ కెమెరా ఎవరికి అడ్డొస్తుందో అప్పటికి తేలదు. కాబట్టి ఆ చుట్టుపక్కల సీట్లు ఆపి ఉంచుతారు. కొలతలు తేలాక, కచేరీకి కొద్దిరోజుల ముందు, ఒక్కోసారి ఆ రోజు పొద్దున్నే, మిగిలిన సీట్లను అధికారిక సైట్లో వదులుతారు. మొదటి గంటలో దొరకలేదని అదే రోజు మారుబేరగాళ్ళ దగ్గర కొనడం తొందరపాటు. అదనపు తేదీ వచ్చే వీలూ ఉంది, ఆపిన సీట్లు వచ్చే వీలూ ఉంది. అయితే టూరు చివరి రాత్రికి మాత్రం ఈ ధీమా పనికిరాదు. ఆ రాత్రి షూటింగ్ పెడితే క్రేన్లకూ, కెమెరా దిమ్మెలకూ సీట్లు పోతాయి, వదలడానికి మిగిలేవి తక్కువ. పైగా జనం మొహాలు కనబడాలని హాలు వైపు లైట్లు తిప్పుతారు, పాట కుదరకపోతే మళ్ళీ పాడిస్తారు. కచేరీ సాఫీగా వినాలనుకునేవాళ్ళు దానికి ముందు రాత్రులు చూసుకోవడం మేలు.

ఎక్కడ కూర్చోవాలని చాలామంది అడుగుతుంటారు. మిక్సర్ బల్లకు కాస్త వెనక, నడిమధ్యన. సౌండు ఇంజినీరు వింటున్నదానికి అక్కడ వినబడేదే దగ్గర. స్టేజిని ఆనుకుని నిలబడితే మొహాలు కనబడతాయి గానీ, పైన వేలాడే స్పీకర్ల శబ్దం తల మీదుగా పోయి, కింది బాస్ పెట్టెలే మోగుతాయి. స్టేడియంలో వెనకవాళ్ళ కోసం స్తంభాల మీద అదనపు స్పీకర్లు పెడతారు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి 70 మీటర్ల దూరంలో ఉన్న స్తంభాన్ని 0.2 సెకను ఆలస్యంగా మోగించాలి, లేకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది. పొద్దు వాలి గాలి చల్లబడితే ధ్వని వేగం తగ్గుతుంది. మధ్యాహ్నం సరిచూసిన లెక్కను రాత్రి మళ్ళీ దిద్దాలి.

వీడ్కోలు కచేరీల్లో మమ్మల్ని ఎక్కువ తిప్పలు పెట్టేది ఆ 0.2 సెకనే. జనం ప్రతి పాటనూ గొంతెత్తి పాడతారు, చప్పట్లు కొడతారు. వెనక వరుసలకు పాట 0.2 సెకను ఆలస్యంగా చేరితే, వాళ్ళ చప్పట్లు స్టేజికి చేరడానికి ఇంకో 0.2. నిమిషానికి 120 దెబ్బల పాటలో ఒక దెబ్బకు 0.5 సెకను. అంటే గాయకుడికి వినబడే చప్పట్లు దాదాపు ఒక దెబ్బ వెనక ఉంటాయి. వాటిని పట్టుకుంటే తాళం జారుతుంది. అందుకే పాటను నేరుగా వినిపించే ఇయర్‌పీసులు గాయకులు చెవుల్లో పెట్టుకుంటారు. చివరి రాత్రి జనాన్ని వినాలన్న ఆశతో ఒక చెవిది తీసేస్తారు. రెండో చెవిలో సౌండు చాలక పెంచమంటారు. శ్రుతి తప్పడానికీ, చెవి దెబ్బతినడానికీ ఇదే దగ్గరి దారి. స్టేజి అంచున జనం వైపు మైకులు పెట్టి, ఆ కేకల్ని కొంచెంగా ఇయర్‌పీసుల్లో కలిపితే చాలావరకు ఆ బాధ తప్పుతుంది.

ఏళ్ళు గడిచిన గొంతుల కోసం పాటను ఒకటి రెండు స్వరస్థానాలు దించడం మామూలే, అందులో దాపరికం అక్కర్లేదు. చిక్కంతా హార్మనీలో, అంటే ఒకేసారి వేర్వేరు స్వరాల్లో కలిపి పాడేచోట, వస్తుంది. శ్రుతి దించితే పై గొంతుకు సులువవుతుంది గానీ, కింది గొంతు పట్టే స్వరం మరీ కిందికి పోయి అందకుండా పోతుంది. అప్పుడు ఎవరు ఏ స్వరం పట్టాలో మళ్ళీ పంచుకోవాలి, రికార్డు చేసి ఉంచిన తీగవాద్యాల ట్రాకులను కొత్త శ్రుతిలో మళ్ళీ తయారు చేసుకోవాలి. ఈ ట్రాకులతోనే లైట్లు, తెరమీది బొమ్మలు టైమ్‌కోడ్ (అన్నిటినీ ఒకే సమయానికి నడిపే సంకేతం) ద్వారా కట్టుబడి నడుస్తాయి. గాయని గొంతు పూడుకుపోయి ఆగినా అవి ఆగవు. తెలివైన సంగీత దర్శకులు అలాంటి చోట్ల నాలుగో ఎనిమిదో బార్ల (తాళం ఆవర్తాల) ముక్కను తిరుగుతూ ఉండేలా పెట్టుకుని, ఆమె తేరుకున్నాక పెడల్ నొక్కి ముందుకు పోతారు. ట్రాకులు నడిపే కంప్యూటర్లు రెండు ఉంటాయి, ఒకటి ఆగితే రెండోది అందుకుంటుంది. పాత సభ్యుడిని చివరి నిమిషంలో స్టేజి మీదికి పిలవాలనుకునేవాళ్ళు మాత్రం ఆయన మైకుకూ ఇయర్‌పీసుకూ రేడియో ఫ్రీక్వెన్సీలు ముందే కేటాయించి ఉంచాలి. లేకపోతే వేరొకరి మైకు కూడా గరగరలాడుతుంది.

ఉపన్యాసాలకూ లెక్క ఉంది. ఐదుగురు తలా మూడు నిమిషాలు మాట్లాడితే పావుగంట, అంటే నాలుగు పాటలు. హాలు మూసే సమయం దాటితే జరిమానాలు పడతాయి. 2012 జులైలో లండన్ హైడ్ పార్కులో అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ కలిసి పాడి, జనానికి కృతజ్ఞతలు చెప్పేలోపే గడువు దాటిందని మైకులు ఆపేశారు. ఎంత పెద్దవాళ్ళకైనా అదే నిబంధన.

మీ పత్రికకు మా మనవి. వీడ్కోలు టూరు వార్త వేసేటప్పుడు ఆగిపోతున్నది టూర్లేనా, రికార్డింగులు కూడానా అన్నది రాయండి. అసలు సభ్యుల్లో ఎవరెవరు వస్తున్నారో, ప్రకటించిన తేదీలు ఇంతటితో సరా కాదా అన్నది నిర్వాహకులను అడిగి వేయండి. వాయిదాకూ రద్దుకూ తేడా కూడా పాఠకులకు చెప్పండి. వాయిదా పడితే పాత టికెట్టే సాధారణంగా కొత్త తేదీకి చెల్లుతుంది, డబ్బు వెనక్కి కావాలంటే గడువులోగా అడగాలి. రద్దయితే డబ్బు మొదట కొన్నవారి ఖాతాకే పోతుంది. బయటి వ్యక్తి దగ్గర ఎక్కువ పెట్టి కొన్నవారికి అది చేరాలంటే ఆ అమ్మిన మనిషిని వెతుక్కోవాల్సిందే.

ఇట్లు,
కచేరీల స్టేజి, సౌండు పనుల్లో ఉన్న కొందరు పాఠకులు