మూత వదులైతే ముందు తెర జాగ్రత్త

సంపాదకులకు,

కాలేజీలు తెరిచాక శ్రీకాకుళం, విజయనగరం బస్సుల్లో సంచికో లాప్‌టాప్. మూత ఊగితే స్క్రూ వదులైందని గట్టిగా బిగించేస్తారు. చాలాసార్లు రోగం అది కాదు. మూతను కింది భాగానికి కలిపే కీలు (హింజ్) బిగుసుకుపోతే, మూత ఎత్తిన ప్రతిసారీ బలమంతా స్క్రూ దిగిన చిన్న ఇత్తడి మర మీద పడి, అది ప్లాస్టిక్‌ను చీల్చుకుని లేచిపోతుంది. సముద్రపు గాలికి కీలు తుప్పు పట్టినా ఇదే గతి. మూలన 'టక్'మని చప్పుడై, అంచులో గోరు దూరేంత సందు కనిపిస్తే ఇక తెరవడం, మూయడం ఆపేయాలి.

స్క్రూ ఒక్కటే వదులైతే పని తేలికే. స్విచాఫ్ చేసి, అడుగు పలక విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి బిగించాలి. ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. పొడవుది పొట్టిదాని చోట పెడితే కీబోర్డు పక్కన పొడుచుకొస్తుంది. ఇత్తడి మర ఊడితే రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు సమపాళ్లలో కలిపి అతికించి, 24 గంటలు కదపకూడదు. ఫెవిక్విక్ మాత్రం వద్దు. కీలులోకి పాకుతుంది, ఆవిరికి చుట్టూ తెల్లటి పొర కడుతుంది, కుదుపుకి పెళుసుగా విరుగుతుంది.

మరమ్మతు అయ్యేలోగా తెరకూ కీబోర్డుకూ మధ్య పల్చటి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. తువ్వాలు పెడితే అదే తెరను నొక్కేస్తుంది. రబ్బరు బ్యాండు నడిమికి వేయకండి, వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ అంచులకు వేయండి. మూత పూర్తిగా పడకపోతే లాప్‌టాప్ నిద్రలోకి పోక సంచిలోనే కాగిపోతుంది, అందుకని షట్‌డౌన్ చేశాకే సర్దండి. మూత కదిపితే తెర మినుకుమంటోందా? కీలు పక్కనుంచి వెళ్లే డిస్‌ప్లే కేబుల్ నలుగుతున్నట్టే.

– లాప్‌టాప్ మరమ్మతు పనివారు, విజయనగరం