ఉత్తరాలను దిద్దకండి

సంపాదకులకు నమస్కారం.

ఒక వ్యాసకర్త, ఒక సాహిత్య పరిశోధకుడు రచయితల గురించి రాసుకున్న ఉత్తరాలను పుస్తకంగా వేసేటప్పుడు తప్పులు దిద్ది, చెప్పిందే చెప్పిన చోట్లు తీసేసి, సాఫీగా చదివించాలని మీ సాహిత్య పేజీలో ఒక సలహా వచ్చింది. అలా చేస్తే ఉత్తరాలు పోయి వ్యాసాలు మిగులుతాయి.

వ్యాసకర్త జ్ఞాపకం మీద ఒక వాక్యం ఉటంకిస్తాడు, అందులో ఒక మాట మారిపోతుంది. దాన్ని పట్టుకుని పరిశోధకుడు నాలుగు పేజీలు వాదిస్తాడు. మొదటి ఉత్తరంలో ఆ మాట సరిచేసేస్తే రెండో ఉత్తరంలో ఆయన ఎవరితో పోట్లాడుతున్నాడో అర్థం కాదు. తప్పును తప్పుగానే అచ్చువేసి, అసలు పాఠం అధోజ్ఞాపికలో ఇవ్వాలి. ‘142వ పేజీ చూడండి’ అని ఉంటే అది ఏ ముద్రణలోని పేజీయో వెతకాలి. కొంత భాగం తీసెయ్యక తప్పకపోతే మూడు చుక్కలు చదరపు బ్రాకెట్లలో పెట్టాలి. ఉత్తరాలు రాసేవాళ్లకు చుక్కలు పెట్టే అలవాటు ఎక్కువ, ఏవి ఎవరివో తెలియాలి కదా!

తేదీలది ఇంకో తంటా. జనవరిలో చాలామంది చెయ్యి పాత సంవత్సరమే రాస్తుంది. ‘మంగళవారం’ అని మాత్రమే ఉంటే పోస్టు ముద్ర, జవాబులోని ‘మీ ఉత్తరం నిన్న అందింది’, ప్రస్తావించిన పుస్తకం వెలువడిన నెల, మూడూ కలిపి చూడాలి. అందుకే కవర్లు పారేయకూడదు. ఇంగ్లండులో 1752 ముందు అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, అక్కడి 1710 ఫిబ్రవరి ఉత్తరం మన లెక్కలో 1711ది కావచ్చు.

ఒక్క ఇంట్లో దొరికిన కట్టతో సరిపెట్టుకోవడం మరీ ప్రమాదం. ఇంగ్లీషు కవి అలెగ్జాండర్ పోప్ మిత్రుల దగ్గర్నుంచి తన ఉత్తరాలు వెనక్కి తెప్పించుకుని, జాన్ కారిల్‌కు రాసినవాటిలో కొన్నిటిని అడిసన్ వంటి ప్రముఖులకు రాసినట్టు మార్చి 1730లలో అచ్చువేయించాడు. తిరిగి ఇచ్చేముందు కారిల్ నకళ్లు తీయించి ఉంచుకోబట్టి 19వ శతాబ్దిలో గుట్టు బయటపడింది.

ఆ పోప్ వేసిన దావాలోనే 1741లో తేలింది: కాగితం అందుకున్నవాడిది, అచ్చువేసే హక్కు రాసినవాడిది. కాబట్టి హక్కుల గడువు తీరనంతవరకు, ఉత్తరాల కట్ట ఎవరి బీరువాలో ఉన్నా, ఇద్దరి వారసుల అనుమతీ రాతపూర్వకంగా తీసుకోవాలి.

– ఒక పాఠకుడు