తామరకు స్టిరాయిడ్ పూతా?

సంపాదకుడు గారికి,

మా అమ్మకు లంగా బొందు కట్టే చోట, చెమట ఆరని ఈ విజయవాడ ఎండల్లో, రూపాయి బిళ్లంత తామర వచ్చింది. వీధి చివరి మందుల దుకాణంలో చీటీ అడగకుండానే ఒక ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో దురద పోయింది. ఎంత సంతోషించామో! పూత ఆపిన వారానికి ఆ మచ్చ అరచేయంత అయింది, అంచంతా ఎర్రటి పొక్కులు. చర్మ వైద్యురాలు ట్యూబు మీది చిన్న అక్షరాలు చూపించారు: క్లోబెటసాల్. అది స్టిరాయిడ్. దురదను అణచి, తామరకు కారణమైన శిలీంధ్రాన్ని (ఫంగస్‌ను) లోలోపల పెరగనిస్తుంది, చర్మాన్ని పలచబరుస్తుంది. పాపం, అమ్మకు ఇప్పుడు మాత్రలూ తప్పలేదు.

చిన్న మచ్చకు స్టిరాయిడ్ కలవని, శిలీంధ్రం మీద పనిచేసే క్లోట్రిమజోల్ వంటి పూత చాలునట. రోజుకు రెండుసార్లు, మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి. మచ్చ మాయమయ్యాక కూడా వారం, రెండు వారాలు ఆపకూడదు. తువ్వాలు వేరుగా ఉండాలి.

స్టిరాయిడ్ పూతలను కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే వైద్యుల చీటీ లేనిదే అమ్మకూడదు. ఔషధ నియంత్రణ అధికారులు మా వీధి దుకాణాల దాకా వచ్చి తనిఖీ చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ